సగం మాత్ర

యూనిఫాం ప్యాంటుకి నడుము దగ్గర వదలడానికి ఇక గుడ్డ లేదని భర్త చెప్పిన రోజునే డ్రైవరమ్మకి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

భర్త దర్జీ. క్యాంపు గేటు పక్కన, మంగలి షాపుకీ చెప్పులు కుట్టే అతని గదికీ మధ్య, ఒక కుట్టుమిషనూ ఒక ఇస్త్రీ బల్లా పట్టేంత చోటులో కూర్చుని సైనికుల యూనిఫాంలు సరిచేసేవాడు. ఆ ఏడాదిలో భార్య ప్యాంటు మూడుసార్లు విప్పి కుట్టాడు. మొదటిసారి ఏమీ అనలేదు. రెండోసారి చిన్నగా నవ్వాడు. మూడోసారి దాన్ని వెలుతురుకేసి పట్టుకుని, "ఇదిగో చూడు, అంచుదాకా వచ్చేశాం. ఇంకా వదలమంటే నా చొక్కా చించి అతకాల్సిందే" అన్నాడు.

ఆమె నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి ఇచ్చింది.

అందులో ఉన్నది నాలుగు ముక్కలే. మూడు నెలల తర్వాత దేహదారుఢ్య పరీక్ష. మూడు కిలోమీటర్లు పద్దెనిమిది నిమిషాల్లో పరుగెత్తాలి. తప్పితే లారీలు నడిపే పని నుంచి తీసేస్తారు. ఆ పైన ఉద్యోగంలో ఉంచాలా ఇంటికి పంపాలా అన్నది బోర్డు తేలుస్తుంది.

పన్నెండేళ్లుగా ఆమె సైన్యంలో లారీ నడుపుతోంది. కొండదారుల్లో సరుకులు మోసింది, మంచులో చెయిన్లు కట్టుకుని బండి దింపింది. క్యాంపులో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, పెద్ద ఆఫీసర్ల దగ్గర్నుంచి వంటవాళ్ల దాకా అందరికీ డ్రైవరమ్మే. ఏడాదిన్నర కిందట వానలో ఒక మలుపు దగ్గర బండి బోల్తా పడి ఆమె కుడి చీలమండ విరిగింది. లోపల ఇనుప పలక పెట్టి బిగించారు. ఆరు నెలలు మంచం, ఇంకో ఆరు నెలలు కుర్చీ. ఒళ్లు అడగకుండానే వచ్చి కూర్చుంది. నొప్పి మాత్రం వెళ్ళనంది.

మర్నాడు మైదానంలో పరుగెత్తి చూసుకుంది. ఇరవై రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. చివర్లో గోడ పట్టుకుని వంగి నిలబడితే పీటీ మాస్టారు పక్కకి వచ్చాడు. మెడలో ఎప్పుడూ ఈల ఉంటుంది కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని విజిల్ అనేవాళ్ళు. తెల్లవారుజామున ఐదింటికల్లా ఫోన్లో అందరికీ ఒక మాట పంపడం ఆయన అలవాటు. "సాకులకి కాళ్ళుండవు, నీకున్నాయి" అని ఒకరోజు. "దుప్పటి నీ శత్రువు" అని ఇంకోరోజు. జనం నవ్వుకునేవాళ్ళు గానీ లేచి వచ్చేవాళ్ళు.

"నీ కాళ్ళు ఆగట్లేదమ్మా, మనసు ఆగిపోతోంది. రెండో చుట్టులోనే నీ మొహంలో కనపడింది, ఇక నావల్ల కాదని. ఎవరినైనా ముందు పెట్టుకుని పరుగెత్తు. నీకంటే ముందుండేవాళ్ళని."

ఇంటికి వెళ్ళేసరికి ఆ ముందుండేవాడు గుమ్మంలో పడుకుని ఉన్నాడు.

అతన్ని పెద్దాయన అనేవారు. నేలలో పాతిన మందుపాతరల్ని వాసనతో పట్టే కుక్క. ఏడేళ్లు సైన్యంలో పనిచేసి రిటైరైంది. రికార్డుల్లో దాని హోదా డ్రైవరమ్మ హోదా కంటే ఒక మెట్టు ఎక్కువ. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి దర్జీ దానితో మర్యాదగా మాట్లాడేవాడు. "పెద్దాయన భోంచేశారా? కాస్త జరుగుతారా, తలుపు వేసుకోవాలి" అనేవాడు. తొమ్మిదేళ్ల కూతురు కూడా అదే పిలుపు పట్టుకుంది. మూతి చుట్టూ తెల్లబడ్డ వెంట్రుకలతో, తొందరలేని నడకతో అది నిజంగానే ఇంటికి పెద్దలా ఉండేది. దానితో పనిచేసిన హ్యాండ్లర్ కూడా అప్పుడే రిటైరయ్యాడు కానీ పట్నంలో ఉద్యోగం, ఉండటానికి ఒక ఇరుకు గదీ దొరికాయి. కుక్కని ఉంచుకునే వీల్లేక, "చెల్లెమ్మా, మీ ఇంట్లో పిల్ల ఉంది, ప్రేమగా చూసుకుంటుంది" అని ఏడాది కిందట తాడు డ్రైవరమ్మ చేతికిచ్చి, మళ్ళీ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆ మర్నాటి నుంచి డ్రైవరమ్మ తెల్లవారగానే పెద్దాయనకి తాడు కట్టి క్యాంపు వెనక మట్టిదారి పట్టింది.

మొదటిరోజే తేడా తెలిసింది. కుక్క తల దించి, ఒకే వేగంతో, ఎవరో గీసిన గీత మీద వెళ్తున్నట్టు సాగిపోయింది. తాడు బిగుసుకుని ఆమె చేతిని ముందుకి లాగింది. ఆమె వేగం తగ్గితే అది వెనక్కి చూడదు, మరికాస్త లాగుతుంది. మనిషైతే సిగ్గుపడి ఆగమనేది. కుక్కని ఏమంటుంది? పరుగెత్తింది. రెండు వారాల్లో ఇరవై ఒక్క నిమిషాలు. నెల తిరిగేసరికి పంతొమ్మిదిన్నర. ఇంటికొచ్చాక ఇద్దరూ గుమ్మంలో పక్కపక్కన కూలబడి ఒగర్చేవాళ్ళు. కూతురు ఒకరికి గ్లాసులో, ఒకరికి గిన్నెలో నీళ్ళు తెచ్చిపెట్టి, "ఎవరు గెలిచారు?" అని అడిగేది.

"ఇంకెవరు, మీ పెద్దాయనే."

"అమ్మా, నువ్వు ఎప్పుడు గెలుస్తావు?"

"ఆయన దయతలిచినప్పుడు."

దర్జీ ప్యాంటు నడుము అర అంగుళం లోపలికి మడిచి కుట్టాడు. ఆ సాయంత్రం మిషను మీద ఏదో పాట కూనిరాగం తీస్తూ కూర్చున్నాడు.

ఒకరోజు విజిల్ మట్టిదారి మలుపులో నిలబడి వాళ్ళిద్దరినీ ఫోటో తీశాడు. వారం తిరక్కుండా ఆ ఫోటో పెద్దదై వ్యాయామశాల గోడకెక్కింది. ముందు నాలుక బయటపెట్టి పెద్దాయన, వెనక పళ్ళు బిగించి డ్రైవరమ్మ. కింద ఎర్ర అక్షరాలతో, "పెద్దాయనే పరుగెత్తుతున్నాడు. నీకేం రోగం?" అని. అక్కడ్నుంచి క్యాంపులో ఎవరు ఎదురైనా ఆగి పలకరించేవాళ్ళు. కొత్తగా చేరిన సైనికులు కుక్కకి సెల్యూట్ కొట్టేవాళ్ళు. ఎన్నాళ్లుగానో తనని చూసి జాలిపడటం తప్ప ఏమీ చేయని మనుషులు ఇప్పుడు భుజం తట్టి వెళ్తుంటే డ్రైవరమ్మకి ఒళ్ళు తేలికైనట్టుండేది.

"పరీక్ష రోజు కుక్కని కూడా తీసుకురా. ఇద్దరూ కలిసి గీత దాటాలి. పెద్ద ఆఫీసర్ వస్తున్నారు, నేను చెప్పి ఉంచాను" అన్నాడు విజిల్.

ఆమె సరేనంది.

ఆమె ఎవరికీ చెప్పనిది ఒకటుంది. చీలమండ నొప్పికి సైనిక ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు రోజుకి రెండు వేసుకోవాలి. ఆమె నాలుగు వేసుకుంటోంది. పరుగుకి ముందు రెండు, సాయంత్రం రెండు. వేసుకోకపోతే లోపలి పలక ఎవరో వేడిచేసి పెట్టినట్టు కాలేది. డాక్టరు అడిగితే, "పర్లేదండీ, బాగానే ఉంది" అనేది. బాగోలేదంటే పరీక్షకే రానివ్వరని ఆమెకి తెలుసు.

పరీక్ష ఇంకా పన్నెండు రోజులుందనగా పెద్దాయన పొద్దున లేవడానికి తటపటాయించింది. ముందుకాళ్ళ మీద లేచి, వెనకభాగాన్ని కాసేపు అలా నేలమీదే ఉంచి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు కూడదీసుకుని నిలబడింది. తాడు చూపించగానే మామూలుగా తోక ఊపింది. దారిలో కూడా మామూలుగానే లాగింది. దాంతో ఆమె ఊరుకుంది.

నాలుగు రోజుల తర్వాత కూతురు అంది. "అమ్మా, పెద్దాయన మెట్లెక్కట్లేదు. కిందే నిలబడి నావైపు చూస్తున్నాడు."

"పెద్దవాడైపోయాడు కదమ్మా. మెల్లగా ఎక్కుతాడులే."

"రేపొక్కరోజు వదిలెయ్యవా?"

"పరీక్ష అయ్యాక అన్నీ వదిలేద్దాం."

ఆ మర్నాడు పద్దెనిమిది నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. ఇంకో ఇరవై సెకన్లు. అంతే, ఒక మనిషి దగ్గి సర్దుకునేంత సేపు. కానీ ఇంటి గుమ్మం దగ్గర పెద్దాయన కూర్చోబోయి పక్కకి ఒరిగిపోయింది. వెనక కుడికాలు వణుకుతోంది.

డ్రైవరమ్మ లోపలికి వెళ్ళి అలమరలోంచి తన మాత్రల అట్ట తీసింది. ఒక మాత్రని గోటితో రెండు ముక్కలు చేసింది. సగమే కదా అనుకుంది. తనకి నాలుగు వేసుకుంటే ఏమీ కాలేదు, దానికి సగం ఏం చేస్తుందనుకుంది. ఉడికించిన మాంసం ముక్కలో పెట్టి చేత్తో అందించింది. పెద్దాయన ఆమె కళ్ళలోకి చూస్తూ నమలకుండా మింగేసింది.

మర్నాడు అది చకచకా లేచింది. ఆమె గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. ఆ రోజు కూడా సగం వేసింది. ఆ మర్నాడు పొద్దున సగం, సాయంత్రం సగం. అలా ఆరు రోజులు. ఆరో రోజు దారి పక్కన అది కూర్చున్నచోట నల్లగా, తారులా ఏదో కనపడింది. చూసింది. పరీక్షకి ఇంకో రెండు రోజులుంది. తాడు లాగి ముందుకి నడిచింది.

మర్నాడు పద్దెనిమిదికి రెండు సెకన్లు తక్కువలో తను దారి మీద పెట్టుకున్న గీత చేరింది. చెయ్యి పైకెత్తి అరిచింది కూడా. వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన దారి మధ్యలో పొట్ట నేలకి ఆనించి పడుకుని ఉంది. తాడు ఎప్పుడు చేజారిందో ఆమెకి తెలియలేదు.

కబురందుకున్న దర్జీ మిషను మీద సగం కుట్టిన దుప్పటి తెచ్చాడు. అందులో పెద్దాయనని వేసి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని క్యాంపులో ఉన్న జంతువుల ఆసుపత్రికి మోసుకెళ్ళారు. బడికి బయల్దేరిన కూతురు పుస్తకాల సంచితోనే వెంట పరుగెత్తింది.

పశువైద్యురాలు ఆఫీసరు. ముక్కుసూటి మనిషి. కుక్క నడుము, తుంటి ఎముకలు నొక్కి చూసింది. నొక్కిన ప్రతిసారీ పెద్దాయన మూలగకుండా ఆవిడ చేతిని నాకింది.

"తుంటి కీళ్ళు అరిగిపోయాయి. దీన్ని పరుగెత్తిస్తున్నది నువ్వేగా? గోడ మీద ఫోటో చూశాను. ఎన్ని రోజులుగా కుంటుతోంది?"

"పది రోజులైందండీ."

"పది రోజులు కుంటుతూ పరుగెత్తిందా?" ఆవిడ తలెత్తి చూసింది. "మందేమైనా వేశారా? నొప్పి మాత్రలాంటిది?"

"లేదండీ" అంది డ్రైవరమ్మ.

ఆ మాట తనకే తెలియకుండా వచ్చేసింది. పక్కన భర్త ఉన్నాడు. అతను నేల చూపులు చూస్తున్నాడు. కూతురు బల్ల పట్టుకుని కుక్క చెవి నిమురుతోంది.

"సరే, ముందు నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇస్తాను. తర్వాత ఎక్సరే తీద్దాం." వైద్యురాలు చిన్న సీసాలోంచి మందు సూదిలోకి లాగింది. గాలి బుడగ పోయేదాకా వేలితో తట్టింది. కుక్క తొడ దగ్గర వెంట్రుకలు పక్కకి తీసింది.

"ఆగండి మేడమ్!"

అందరూ డ్రైవరమ్మ వైపు తిరిగారు.

"మాత్ర వేశాను. నా మాత్రే. ఆరు రోజులుగా. రోజుకి సగం... కాదు, రోజుకి ఒకటి. నిన్న ఒకటిన్నర."

వైద్యురాలు సూది పళ్లెంలో పెట్టేసింది. ఏ మాత్రో అడిగింది. పేరు వినగానే కుక్క పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. గులాబి రంగులో ఉండాల్సినవి పాలిపోయి బూడిదరంగుకి తిరిగాయి.

"నల్లగా విరేచనం అయిందా?"

"నిన్న. చూశాను."

"చూశావు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఇప్పుడు నేను ఈ సూది గుచ్చి ఉంటే సాయంత్రానికి ఇది ఉండేది కాదు. మనకి వాడే ఆ మాత్రలు కుక్కలకి విషం. పొట్టలో పుండ్లు పడి రక్తం కారుతోంది. కిడ్నీలు ఎంతవరకు పోయాయో రక్తం పరీక్ష చేస్తేగానీ తెలియదు. అందరూ బయటికి వెళ్ళండి."

వరండాలో బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. లోపల స్టీలు పళ్లేల చప్పుడు, ఎవరో సెలైను సీసా తెమ్మంటున్న కేక.

"అట్టలో మాత్రలు తగ్గిపోతున్నాయని నేను చూశాను. నువ్వే ఎక్కువ వేసుకుంటున్నావనుకున్నాను. అడిగితే గొడవవుతుందని ఊరుకున్నాను" అన్నాడు దర్జీ. "నా తప్పూ ఉందిలే."

అతను అలా అనకుండా నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. కూతురు మాత్రం తల్లి మొహంలోకి తదేకంగా చూస్తోంది.

"అమ్మా, నువ్వే వేశావా?"

"నొప్పి తగ్గుతుందని వేశానమ్మా."

"నొప్పి తగ్గాలని వేశావా, పరుగెత్తాలని వేశావా?"

కూతురు లేచి వెళ్ళి బెంచీకి అవతలి చివర, తండ్రి పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం వైద్యురాలు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. రెండు మూడు రోజులు గడిస్తే చెప్పగలనంది. డ్రైవరమ్మని ఒక పక్కకి పిలిచింది.

"ఆ మాత్రలు నువ్వు రోజుకి ఎన్ని వేసుకుంటున్నావు?"

"నాలుగు."

"రాసిచ్చింది?"

"రెండు."

"నువ్వు నా పేషెంటువి కావు. మీ డాక్టరుకి నేను ఫోన్ చెయ్యను. నీ ఇష్టం." లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "ఇలాంటి కుక్కలు పని మధ్యలో ఆగవు. అలా పెంచాం మనం. నొప్పి ఉన్నా చెప్పుకోవు. దానికి కనపడేదల్లా తాడు పట్టుకున్న మనిషి. నీకు తెలియదని నేననుకోను."

పరీక్ష రోజు పొద్దున డ్రైవరమ్మ మాత్ర వేసుకోలేదు. కట్టు కట్టుకుని, బూట్లు బిగించుకుని మైదానానికి నడిచింది. నడుస్తుంటేనే చెమట పట్టింది. అరవైమంది వరసలో నిలబడి ఉన్నారు. పెద్ద ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. విజిల్ ఆమెని చూసి గబగబా వచ్చాడు.

"కుక్కేది? నేను ఫోటోగ్రాఫర్ని కూడా పిలిచాను."

"ఆసుపత్రిలో ఉంది సార్. నేనే పాడుచేశాను."

"తర్వాత మాట్లాడుకుందాం. ముందు వరసలో నిలబడు. నిన్నే పద్దెనిమిది లోపు వచ్చిందని విన్నాను. కళ్ళు మూసుకుని కొట్టేస్తావు. రా."

ఆమె వెళ్ళి వరసలో నిలబడింది. పక్కనున్న కుర్రసైనికురాలు, "అక్కా, మిమ్మల్ని చూసే నేను రోజూ లేచాను" అంది. విజిల్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. చెయ్యి పైకి లేపాడు. డ్రైవరమ్మకి ఎంత ఆశ కలిగిందంటే, జేబులో మిగిలిన రెండు మాత్రలూ ఇప్పుడు నీళ్ళు లేకుండా మింగేసినా మొదటి చుట్టు అయ్యేసరికి పనిచేస్తాయని లెక్క కూడా వేసుకుంది. వేలు జేబు అంచు దాకా వెళ్ళింది.

అప్పుడు ఆమె ఒక అడుగు వెనక్కి వేసి వరసలోంచి బయటికి వచ్చింది.

"నా కాలు బాగోలేదు సార్. విరిగిన దగ్గర్నుంచీ బాగోలేదు. డాక్టరుకి అబద్ధం చెప్పాను."

విజిల్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అరవైమందీ వింటున్నారు. "ఇప్పుడా చెప్పేది?" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. తర్వాత మొహం తిప్పుకుని ఈల ఊదాడు. బూట్ల మోతతో వరస మొత్తం ఆమెని దాటి వెళ్ళిపోయింది. ఆమె ఆసుపత్రి వైపు నడిచింది.

ఎక్సరేలో కొత్తగా ఏమీ విరగలేదు. కీలు దగ్గర వాపు ఉంది, పలక చుట్టూ కండ రేగి ఉంది. "మందు వేసుకుని పరుగెత్తి ఉంటే పాసయ్యేదానివేమో. తర్వాత ఏమయ్యేదో చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఆమెకి ఆ మాట చాలారోజులు గుచ్చుకుంది. విరిగిందని చెప్పి ఉంటే కనీసం తను చేసిన పనికి ఒక సాకైనా దొరికేది.

లారీ తాళాలు ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నారు. బోర్డు ముందు నిలబెట్టారు. మాత్రల సంగతి దాచినందుకు హెచ్చరిక రాశారు. ఆరు వారాల తర్వాత, ఉద్యోగంలో ఉండొచ్చు గానీ స్టీరింగ్ పట్టుకోకూడదని ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు ఆమె వాహనాల ఆఫీసు కిటికీ వెనక కూర్చుని మిగతా డ్రైవర్లకి తాళాలు ఇస్తుంది. ఎవరు ఏ బండి తీసుకెళ్ళారో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాసుకుంటుంది. బళ్ళు బయల్దేరేటప్పుడు ఏ ఇంజను ఎవరిదో చప్పుడుతోనే పోల్చుకుంటుంది. తన పాత బండి వెళ్ళేటప్పుడు తల ఎత్తదు.

వ్యాయామశాలలో ఫోటో ఒకరోజు మాయమైంది. విజిలే తీశాడు. ఆ సాయంత్రం దర్జీ షాపుకి వచ్చి, కుట్టించుకునేది ఏమీ లేకపోయినా కాసేపు నిలబడి, "పెద్దాయనకి ఎలా ఉంది?" అని అడిగి వెళ్ళాడు. తెల్లవారుజామున ఐదింటి మాటలు మాత్రం ఆపలేదు. డ్రైవరమ్మే ఆ సందేశాలు రాకుండా పెట్టుకుంది.

పెద్దాయన బతికింది. తొమ్మిది రోజులు సెలైను మీద ఉంచారు. కిడ్నీలు సగమే పనిచేస్తాయని, ఉప్పు లేని మెత్తటి తిండే పెట్టాలని, రోజూ మందు వెయ్యాలని వైద్యురాలు కాగితం మీద రాసిచ్చింది. కూతురు ఆ కాగితాన్ని తన బల్ల ముందు అంటించుకుంది. తిండి తనే కలిపేది, మందు తనే వేసేది. డ్రైవరమ్మ గిన్నె అందుకోబోతే, "నేను పెడతాలే" అనేది. గట్టిగా అనేది కాదు, అదే కష్టంగా ఉండేది. ఒకసారి డ్రైవరమ్మ చేత్తో రొట్టెముక్క పెడుతుంటే పిల్ల పరుగున వచ్చి ఆ ముక్క లాక్కుని విరిచి లోపల చూసింది. చూసి, ఏమీ లేకపోయేసరికి, తలదించుకుని తిరిగిచ్చింది.

పెద్దాయనకి ఇవేమీ పట్టలేదు. డ్రైవరమ్మ ఆఫీసు నుంచి రాగానే ఎప్పటిలాగే లేవబోయేది, వెనకభాగం సహకరించక అక్కడే ఉండి తోకతో నేలని కొట్టేది. ఆమె చేతిలో ఏది పెట్టినా ఎప్పటిలాగే కళ్ళలోకి చూస్తూ మింగేది. ఆమె తన పిల్లని ఓదార్చగలిగేది, భర్తతో పోట్లాడగలిగేది. ఆ చూపుని మాత్రం తట్టుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మూడు నెలలు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం హ్యాండ్లర్ వచ్చాడు. పట్నంలో ఉద్యోగం మానేసి ఒక పండ్లతోటకి కాపలాదారుగా చేరానని ఫోన్లో ముందే చెప్పాడు. గేటు తీస్తున్న చప్పుడుకే పెద్దాయన చెవులు నిక్కబొడుచుకుంది. గొంతులోంచి ఆ ఇంట్లో ఎప్పుడూ వినని సన్నటి ఏడుపులాంటి శబ్దం చేసింది.

"రా అన్నయ్యా, కూర్చో" అంటూనే డ్రైవరమ్మ తలుపు దగ్గర అడ్డంగా నిలబడిపోయింది. "కూర్చునే ముందు నీకొకటి చెప్పాలి. మా ఆయన ఫోన్లో జబ్బు చేసిందని మాత్రమే చెప్పారు. జబ్బు కాదు. నేను చేసిందే."

నిలబడే అంతా చెప్పింది. తాడు కట్టిన రోజు నుంచి సూది ఆపిన క్షణం దాకా. నల్లగా కనపడింది చూసి కూడా తాడు లాగానని చెప్పింది. మధ్యలో ఒకచోట కూడా "కానీ" అనలేదు.

హ్యాండ్లర్ ఆమెని దాటి లోపలికి వెళ్ళి నేలమీద కూర్చున్నాడు. పెద్దాయన తల అతని ఒళ్ళో పెట్టింది. అతను దాని నడుము మీద, తుంటి మీద మెల్లగా చెయ్యి వేస్తూ, ఎముక ఎముకా తడుముతూ పోయాడు. దర్జీ టీ తెచ్చి పక్కన పెట్టాడు. టీ చల్లారిపోయింది.

"నా మీద కోపం వచ్చిందా అన్నయ్యా?"

"వచ్చింది. చాలా వచ్చింది. నువ్వు చెప్పకుండా ఉంటే ఎప్పటికీ తెలిసేది కాదు, అదీ తెలుసు. అయినా కోపంగానే ఉంది చెల్లెమ్మా. కాసేపు నన్నేమీ అడక్కు."

సాయంత్రం ఎండ వాలాక అతనే నోరు విప్పాడు. తోటలో తన గది నేలమట్టంగా ఉంటుందని, మెట్లు లేవని, నీడ ఉంటుందని చెప్పాడు. "తీసుకెళ్తాను. మీరు ఒప్పుకుంటేనే."

దర్జీ భార్యవైపు చూశాడు. ఆమె కూతురివైపు చూసింది. "అది ఇప్పుడు పిల్లది అన్నయ్యా. దాన్నే అడుగు."

కూతురు ఏడుస్తుందని, కాళ్ళా వేళ్ళా పడుతుందని అందరూ అనుకున్నారు. ఆ పిల్ల పెద్దాయన మెడ కింద వేళ్ళు పెట్టి కాసేపు గోకుతూ ఆలోచించింది.

"తీసుకెళ్ళండి మామయ్యా. నేను బడికి వెళ్ళినప్పుడు నాకు భయంగా ఉంటోంది."

ఎందుకు భయమని ఎవరూ అడగలేదు. డ్రైవరమ్మ వెళ్ళి గోడకి తగిలించిన తువ్వాలు సర్దింది. సరిగ్గానే ఉన్న తువ్వాలుని మళ్ళీ మడిచింది.

పిల్ల గిన్నె, దుప్పటి, మందులు సంచిలో పెట్టింది. వైద్యురాలు రాసిచ్చిన కాగితాన్ని బల్ల మీద నుంచి ఊడదీసి, అంచులు చిరగకుండా మడిచి హ్యాండ్లర్ జేబులో తనే పెట్టింది. ఏ పూట ఏ మందో రెండుసార్లు అప్పజెప్పించుకుంది. దర్జీ ఆటో తెచ్చాడు. కుక్కని ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు డ్రైవరమ్మ వెనక భాగం పట్టుకుంది. అది ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. ఆటో కదిలేదాకా పెద్దాయన ఆమె మణికట్టు నాకుతూనే ఉంది.

ఆ వారం ఇల్లు మూగగా గడిచింది. దర్జీ రోజూ తలుపు వేసేటప్పుడు "కాస్త జరుగుతారా" అనబోయి నాలుక కరుచుకునేవాడు. డ్రైవరమ్మ పొద్దునే లేచి, డాక్టరు చెప్పినట్టు గుమ్మం దగ్గర కాలు కిందికీ పైకీ ఆడిస్తూ వ్యాయామం చేసుకునేది. కూతురు పక్కనుంచి పళ్ళు తోముకుంటూ వెళ్ళేది.

తర్వాతి ఆదివారం ఫోన్ మోగింది. కూతురే ఎత్తింది. హ్యాండ్లర్ గొంతు బయటికి సన్నగా వినపడుతోంది. పెద్దాయన తింటున్నాడా, నిద్రపోతున్నాడా, తెల్లమాత్ర వేశారా, పొద్దున వెయ్యాల్సింది పొద్దునే వేశారా, అన్నీ ఆరా తీసి పిల్ల ఫోన్ పెట్టేసింది. గదిలోంచి బయటికి వచ్చి తల్లి ముందు నిలబడింది. డ్రైవరమ్మ కట్టు చుట్టుకుంటోంది.

"బాగున్నాడంట. చెట్టు కింద పడుకుంటున్నాడంట."

"మంచిదమ్మా."

పిల్ల వెళ్ళబోయి ఆగింది. కింద కూర్చుని తల్లి చేతిలోని కట్టు కొస అందుకుంది. ఇంతకుముందు ఆసుపత్రిలో నర్సు చుట్టడం చూసిందేమో, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం పడేలా జాగ్రత్తగా చుట్టసాగింది.

"గట్టిగా అయితే చెప్పు" అంది. "నొప్పి పుడితే చెప్పాలి. ఊరికే పర్లేదు అనకు."

"కొంచెం గట్టిగా ఉంది" అంది డ్రైవరమ్మ.

పిల్ల విప్పి, మళ్ళీ మొదటినుంచి చుట్టింది.